కొలిచెలమ: మల్లినాథసూరి గ్రామము

ఎల్దుర్తివలెనే మెదకు జిల్లాకుఁ జెందిన కొల్చారము చిన్న గ్రామము. పంచకావ్యములు పఠించిన ప్రతివిద్యార్థియు నీ యూరిపేరును దా నెఱుఁగకయే యుచ్చరించుచున్నాఁడు. కోలాచల మల్లినాథసూరి యింటిపేరు దీనినుండియే యేర్పడెనని పలువురు పండితుల మతము.

“కోలాచల” రూపమును జూచి యిది యొక పర్వతనామమని భ్రమింప వచ్చును. తెలుఁగున నీ యింటిపేరు కొలిచెలమ. చెలమ యనఁగా నేటియిసుకలోఁ ద్రవ్విన నీటిగుంట. మంజీర పాఱు సీమలో నట్టి పేరు సహజము. తెలుఁగుపేరే మూలమనియు, సంస్కృతగ్రంథములఁ జేరునప్పుడు దాని కచలము తగిలింపఁబడినదనియు నాకుఁ దోఁచుచున్నది. మన యింటిపేళ్ల కిట్టి వేషము లనేకము. అయినను గ్రామమునకుఁ దగిన కీర్తి లేని కొండకుఁ బోరాదు.

మల్లినాథుఁడు విద్యాధరుని యేకావళికిఁ దరళ యను వ్యాఖ్య రచించెను. ఏకావళి 14వ శతాబ్ది తొలిభాగమునాఁటిది గాన నితఁ డంతకుఁ బూర్వుఁడు కాఁడు. రఘువంశ కుమారసంభవ మేఘదూతములకు సంజీవని, కిరాతార్జునీయమునకు ఘంటాపథము, శిశుపాలవధకు సర్వంకష, నైషధమునకు జీవాతువు నితనివే. పుత్రుఁడు కుమారస్వామి ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమును గూర్చెను. ఓరుగల్లు రాజుపేర వెలసిన యలంకారగ్రంథమునకు వ్యాఖ్య యీ యింటనే పుట్టుట గమనింపఁదగినది.

ఇఁక జనశ్రుతి. మల్లినాథుఁడు తొలుత మందబుద్ధియై, పరిహాసములకు గుఱియై, దేశాంతరమేగి విద్వాంసుఁడై తిరిగివచ్చెనఁట! కాళిదాసునిగూర్చియు నిట్టి కథయే చెప్పుదురు. కవికథ వ్యాఖ్యాతకు సంక్రమించినది. దీనిని చరిత్రగాఁ గొనరాదు.

కొల్చారమున నేలనుండి వెలువడిన నల్లరాతి పార్శ్వనాథవిగ్రహము నేఁడు జైనాలయమునఁ బూజ లందుచున్నది. వైదికవ్యాఖ్యాత యూరిలో జైనుల జాడ దొరకుట మెతుకుసీమ నెఱిఁగినవారికి వింత గాదు.