ఎర్రరాయి ఉంగురం

కుంపట్ల ఇంకో రెండు బొగ్గు పెళ్లలు ఎయ్యి బిడ్డా, సలి బాగున్నది.

నీ ఏలికున్న నీలం సూస్తే మా బాపు ఉంగురం యాదికొచ్చింది. 1960లల్ల ముచ్చట. గోదావరిఖనిల బొగ్గుబాయిలు ఒక్కొక్కటే పడుతున్న రోజులు. ఊరు ఇడిసొచ్చి తట్ట, చెమ్మసు పట్టిన బాపుకు మా అమ్మమ్మోళ్లు పెండ్లిల పెట్టిన ఎర్రరాయి ఉంగురమే ఆస్తి. బాయిలకు గూడ తియ్యకుంట పోయెటోడు. టబ్బుల నడుమ ఇరికితే ఏలే పోతదని అమ్మ మొత్తుకునేది. ఇంటేనా!

పైన బొగ్గు మసి, బాయిల ఊట నీళ్లు. షిఫ్టు దిగొచ్చి బట్టల సోడ ఏసి రుద్దుడు. ఒకనాడు సూస్తే రాయి కర్రెగైంది. ఇగ ఇంట్ల లొల్లి! గాజుముక్క పెట్టి మోసం చేసిండ్రని మా నాయినమ్మ ఒకటే శాపెనలు.

కరీంనగరంటే ఎండితీగ పనికి పేరు గద, ఆడ ఒక ముసలి అవుసులాయన దగ్గరికి బాపు నన్ను ఎంట తీస్కపోయిండు. ఆయన రాయి ఊడదీసి నా అరచేతుల పెట్టిండు. లేత గులాబి ఛాయ, అంతే! ఎరుపంత కిందున్న రేకుది. నీళ్లు దిగి రేకు నల్లబడ్డది.

పాత ఉంగురాలకు అడుగు మూసుంటది బిడ్డా. బంగారు గూడుల లక్క నింపి, మెరిసే రేకు పరిచి, రాయి పెట్టి, సుట్టూ మేలిమి రేకు ఒత్తుకుంట పోతరు. గదే కుందనం. మేలిమి మెత్తగుంటది, మంట లేకుంటనే అతుక్కుంటది. రేకేమో అద్దం తీర్గ దీపం ఎలుగును తిప్పి పంపుతది. అండ్ల మోసమేముంది? నిజాం నగల్ల గూడ గదే పనితనం. 1995ల సర్కారు 218 కోట్లు పెట్టి 173 నగలు కొన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంల పెట్టినప్పుడు పోయి సూసిన. అండ్లున్న 184 క్యారట్లు దాటిన జాకబ్ వజ్రాన్ని నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాయితాలు ఎగరకుంట బరువు పెట్టుకున్నడట, ఏం జెప్పాలె!

నీ ఉంగురానికి అడుగు తెరిసే ఉన్నది. రాయి తోలుకు తాకితేనే గ్రహం పనిచేస్తదంటరు. గ్రహం సంగతి నాకెర్కలేదు, నీళ్లు పడ్డా ఆరిపోతది, గదొక్కటి మంచిది.

అవుసులాయన కొత్త రేకేసిచ్చిండు. రాయి మళ్ల నెత్తురు తీర్గ మెరిసింది. బాపు దాన్ని పండుగలకే పెట్టుకున్నడు. నాయినమ్మ మాత్రం పానం పోయేదాక "ఆ గాజుముక్క" అనుడు మానలే.