అప్పూఘర్ ఉన్న రోజులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మన మాస్టార్ల గురించి రాద్దామనుకున్నాను. వారి గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఢిల్లీలో పెరిగిన మన తరం తెలుగు పిల్లలందరికీ తెలిసిన, ఇప్పుడు లేని ఒక చోటు గురించి రాస్తున్నాను.

1982 నవంబరు 19న ఢిల్లీలో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. వాటి చిహ్నం అప్పూ అనే గున్న ఏనుగు. సరిగ్గా రెండేళ్ళకు, 1984 నవంబరు 19న, ఆ పేరుతోనే ప్రగతి మైదాన్‌లో అప్పూఘర్ తెరిచారు. ఇందిరాగాంధీ హత్య జరిగి మూడు వారాలైనా కాలేదు. ఆవిడ పుట్టినరోజు నాడు రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించారు. అంతవరకు మనకు జెయింట్ వీల్ అంటే దసరాకు రామ్‌లీలా మైదానంలో వెలిసి, పండగ కాగానే వెళ్ళిపోయేదే. ఏడాది పొడుగునా ఉండే ఆటలు మాకు కొత్త.

ఎనిమిదో తరగతిలో మమ్మల్ని బడినుంచి తీసుకెళ్ళారు. బెంచీలో నా పక్కన కూర్చునేవాడు ఆ రోజు రాలేదు. జ్వరమన్నాడు. వాళ్ళింట్లో డబ్బు కుదరలేదని నాకు తెలుసు. అమ్మ విడిగా ఇచ్చిన డబ్బుతో నేను రోలర్ కోస్టర్ రెండోసారి ఎక్కాను. మర్నాడు వాడు "ఎలా ఉందిరా?" అనడిగితే, "ఏం లేదురా, బాగాలేదు. ఈసారి ఇద్దరం వెళ్దాంలే" అన్నాను. వెళ్ళలేదు.

అప్పూఘర్ బలం అది ఊరి నడిబొడ్డున ఉండటం. బస్సెక్కి ఎవరైనా వెళ్ళగలిగేవారు. చివరికి దాన్ని ముంచిందీ అదే. ఆ నేల సొంతం కాదు, లీజుది. పక్కనున్న సుప్రీంకోర్టుకు చోటు చాలలేదు, మెట్రోకూ స్థలం కావలసివచ్చింది. 2008 ఫిబ్రవరి 17, ఆదివారం, అప్పూఘర్ మూతపడింది. 2019లో అక్కడ సుప్రీంకోర్టు అదనపు భవనాలు ప్రారంభమయ్యాయి. ప్రగతి మైదాన్ మెట్రో స్టేషను పేరు కూడా ఇప్పుడు సుప్రీంకోర్టే. తరవాత వచ్చిన పెద్ద పార్కులు ఎక్కువగా ఊళ్ళ బయటే వెలిశాయి. హైదరాబాదులో 2016లో తెరిచిన వండర్‌లా కూడా నగరం దాటాక, రావిర్యాల దగ్గర ఉంది. అంత దూరం వెళ్ళిరావాలంటే బండి ఖర్చు, టికెట్టు ఖర్చు రెండూ చూసుకోవాలి.

మూసేస్తున్నారని పేపర్లో చదివి మా వాడికి ఫోన్ చేశాను. "మా పాపను మూడుసార్లు తీసుకెళ్ళాను. నువ్వు నాతో అబద్ధం చెప్పావురా, చాలా బాగుంటుంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మన బడి ఇప్పటికీ పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్తోంది. ఈ స్వర్ణోత్సవానికి మన సంఘం తరఫున ఒక చిన్న నిధి పెడదామని నా మనవి. యాత్ర రోజున ఏ పిల్లవాడికీ లేని జ్వరం రాకూడదు. మొదటి చందా నాది.