సూర్ రేవు: గాజుపూసల వర్తకం, సుంకాల చరిత్ర

సూర్ ఒమాన్ దేశపు ఈశాన్య తీరంలోని రేవు పట్టణం. మస్కట్ నుంచి తీరం వెంట ఆగ్నేయ దిశగా రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది. దక్షిణ షర్కియా గవర్నరేట్‌కు ఇదే ముఖ్య పట్టణం. కొయ్య ఓడల తయారీకి పేరుపడిన ఊరు. ఇక్కడ 1951లో కట్టిన ఘంజా రకపు ఓడ ఫతహ్ అల్ ఖైర్‌ను నేటికీ ఒడ్డున భద్రపరిచారు. ఈ రేవు ఓడలు తిరిగిన భారత, తూర్పు ఆఫ్రికా దారుల్లో శతాబ్దాలపాటు చెలామణి అయిన సరుకుల్లో గాజుపూసలు ఒకటి. ఈ పూసలను సుంకం కోసం ఎలా లెక్కించారు, ఏ పద్దులో చేర్చారు అన్నది ఈ వ్యాస విషయం.

పూసల తయారీ

చిన్న గాజుపూసలను ప్రధానంగా రెండు పద్ధతుల్లో చేస్తారు. కరిగిన గాజును కడ్డీకి చుట్టి ఒక్కొక్క పూసనే తీయడం ఒకటి. బోలు గాజును సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి, మళ్లీ కాచి అంచులు నునుపు చేయడం రెండోది. వేల సంఖ్యలో చిట్టిపూసలు కావాలంటే రెండోదే దారి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ఈ పద్ధతి సుమారు రెండు వేల ఏళ్ల కిందటే ఉంది. అక్కడా, దక్షిణ, ఆగ్నేయాసియాల్లోని ఇతర కేంద్రాల్లోనూ తయారై తూర్పు ఆఫ్రికా దాకా వ్యాపించిన ఈ పూసలకు అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టాడు. లాడా అనే పొడవాటి ఇనుప గొట్టంతో గాజును సాగదీసే ఆ పాత విద్య 20వ శతాబ్దిలో కూడా సజీవంగా ఉన్న చోటుగా ఆయన గుర్తించింది ఒక తెలుగు ఊరిని. అది నేటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట.

ప్రాచీన దశ

సూర్‌కు తూర్పున ఉన్న రాస్ అల్ జింజ్‌లో 1985 నుంచి మౌరీత్సియో తోసీ, సెర్జ్ క్లూజియూల నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నాటి ఆ జాలరి పల్లెలో సింధు నాగరికతకు చెందిన కుండ పెంకులు, దంతపు దువ్వెన, ఓడలకు పూసిన తారు ముక్కలు దొరికాయి. గాజు వాడకం అప్పటికింకా వ్యాపించలేదు. ఈ తీరంలో నాటి పూసలు రాతివి, గవ్వవి.

కల్హాత్, మోటుపల్లి

మధ్యయుగంలో ఈ తీరపు పెద్ద రేవు సూర్‌కు వాయవ్యంగా ఉన్న కల్హాత్. హోర్ముజ్ రాజ్యంలో అది రెండో ముఖ్య నగరం. ఇక్కడి నుంచి గుర్రాలు భారతదేశానికి ఎగుమతి అయ్యేవి. 1508లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ దాన్ని తగులబెట్టాడు. దాని శిథిలాలకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

మార్కో పోలో తన గ్రంథంలో కల్హాత్‌నూ, తెలుగు రేవు మోటుపల్లినీ రెంటినీ వర్ణించాడు. సుంకాల చరిత్రకు మోటుపల్లి విలువైన ఆధారం. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం, ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొచ్చినా రాజు దాన్ని లాక్కోడనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడనీ వర్తకులకు మాట ఇచ్చింది. సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టునూలు వంటి సరుకులను పేరుపేరునా పేర్కొంది. సరుకును దాని పదార్థాన్ని బట్టి పట్టికలో చేర్చే పద్ధతి ఆనాటికే ఉందన్నమాట.

జాంజిబార్ కాలం

19వ శతాబ్దిలో సుల్తాన్ సయ్యద్ సయీద్ పాలన ఒమాన్ నుంచి జాంజిబార్ దాకా సాగింది. 1833 సెప్టెంబరు 21న ఆయన అమెరికాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, తన రేవుల్లో అమెరికన్ ఓడలు దించే సరుకు మీద సుంకం 5 శాతం మించకూడదు. వసూలును ఇజారాకు, అంటే గుత్తకు ఇచ్చేవారు. జాంజిబార్‌లో కచ్ఛీ భాటియా వర్తకుడు జైరామ్ శివ్‌జీ సంస్థ ఆ ఇజారాను చాలాకాలం నడిపింది.

ఆఫ్రికా లోతట్టు ప్రాంతాల్లో పూసే నాణెం. వెనిస్ నుంచి వచ్చిన పూసలను జాంజిబార్‌లో ఫ్రాసిలా అనే తూకంతో, అంటే సుమారు 16 కిలోల లెక్కన అమ్మేవారు. 1857-59లో అటు ప్రయాణించిన రిచర్డ్ బర్టన్ సుమారు 400 రకాల పూసలు చెలామణిలో ఉన్నాయని రాశాడు. తెల్లటి లోపొర మీద ఎర్ర గాజు ఉన్న 'సంసం' పూసకు గిరాకీ ఎక్కువ. దానికోసం జనం తిండిగింజలు సైతం అమ్ముకుంటారని స్థానికులు దానికి తిండిని హరించేదన్న అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు. 1861లో బ్రిటిష్ తీర్పుతో మస్కట్, జాంజిబార్ వేరుపడ్డాయి. సూర్ నావికులు మాత్రం ఆఫ్రికా ప్రయాణాలు మానలేదు. వారిలో కొందరు ఫ్రెంచి జెండా ఎగరేసి బ్రిటిష్ తనిఖీలను తప్పించుకోవడంతో రేగిన తగవు హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లి 1905లో తేలింది.

నేటి వర్గీకరణ

సరుకుల వర్ణన, సంకేతాల అంతర్జాతీయ ఒప్పందం 1983లో బ్రస్సెల్స్‌లో కుదిరి, 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దీన్నే వాడుకలో హెచ్.ఎస్. కోడ్ అంటారు. అందులో 70వ అధ్యాయం గాజుది. 7018 శీర్షిక గాజుపూసలు, కృత్రిమ ముత్యాలు, కృత్రిమ రత్నాల వంటివాటిది. విడి పూసలు 701810 కిందికి వస్తాయి. వ్యాసం 1 మిల్లీమీటరు మించని సూక్ష్మ గాజుగోళాలు 701820 కిందికి వెళ్తాయి. రాత్రిపూట రోడ్డు గీతలు మెరిసేందుకు రంగులో కలిపేవి ఇవే. కుట్టుపనికి వాడే 11వ నంబరు చిట్టిపూస సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అది పూసగానే మిగులుతుంది.

పూస ఏ రూపంలో వచ్చిందన్నది ముఖ్యం. నల్లపూసల దండగా, మెడలో వేసుకునేందుకు సిద్ధంగా వస్తే 7117, అంటే కృత్రిమ ఆభరణం. మగ్గం వర్క్‌లా గుడ్డ మీద కుట్టి, తాను రూపంలో వస్తే 5810, అంటే ఎంబ్రాయిడరీ. చూపుకు ఒకేలా ఉన్నా ప్లాస్టిక్ పూస గాజు అధ్యాయంలోకి రాదు; దాని చోటు 39వ అధ్యాయం. భారతదేశం ఆరంకెలకు మరో రెండు కలిపి గాజు గాజులకు 70181010, పూసలకు 70181020 అని విడదీసింది.

సూర్‌లో అమలు

ఒమాన్ 2000లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2003 జనవరి 1న గల్ఫ్ సహకార మండలి దేశాల కస్టమ్స్ యూనియన్ మొదలై, బయటి దేశాల సరుకుల్లో చాలావాటిపై 5 శాతం ఉమ్మడి సుంకం వచ్చింది. గాజుపూసలకూ ఈ సాధారణ రేటే వర్తిస్తుంది. సరుకు ఆరు దేశాల్లో మొదట ఎక్కడ దిగితే అక్కడ ఒకసారి సుంకం కట్టాలన్నది యూనియన్ సూత్రం. ఒమాన్‌లో సరుకు దిగే చోటు కూడా మారింది: 2014లో మస్కట్ రేవు వాణిజ్య సరుకుల పని సొహార్‌కు తరలింది. ఒమాన్‌లో కస్టమ్స్ విభాగం రాయల్ ఒమాన్ పోలీస్ కింద పనిచేస్తుంది.

2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం విలువ ఆధారిత పన్ను కూడా చేరింది. రవాణా, బీమాతో కలిపి 1,000 రియాళ్ల విలువైన పూసలు దిగితే సుంకం 50 రియాళ్లు. 1,050 రియాళ్లపై పన్ను 52 రియాళ్ల 500 బైసాలు. 2025 జనవరి 1 నుంచి గల్ఫ్ దేశాల ఉమ్మడి పట్టికలో సంకేతం 12 అంకెలకు పెరిగింది. అయినా మొదటి ఆరంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడివే. బర్టన్ కాలంలో 400 రకాలుగా లెక్కించిన విడి గాజుపూసలన్నీ నేడు సూర్‌లోనైనా, చెన్నైలోనైనా, వెనిస్‌లోనైనా 701810 అనే ఒకే సంఖ్య కింద నమోదవుతాయి.