సోల్ ఫిక్సిన్ మ్యాన్

అమెరికన్ బ్లూస్ గిటారిస్టు, గాయకుడు లూథర్ ఆలిసన్ (1939–1997) స్వదేశంలో తిరిగి నిలదొక్కుకోవడానికి దారి తీసిన ఆల్బమ్. 1994లో షికాగోకు చెందిన ఆలిగేటర్ రికార్డ్స్ విడుదల చేసింది. యూరప్‌లో ఇదే ‘బ్యాడ్ లవ్’ పేరుతో రూఫ్ రికార్డ్స్ ద్వారా వచ్చింది.

అర్కాన్సాస్‌లో పుట్టి షికాగో క్లబ్బుల్లో రాటుదేలిన ఆలిసన్, 1970లలో మోటౌన్ సంస్థకు పాడిన అతికొద్దిమంది బ్లూస్ కళాకారుల్లో ఒకరు. అమెరికాలో ఆదరణ తగ్గడంతో ప్యారిస్‌లో స్థిరపడ్డారు. యూరప్ వేదికలపై గంటల తరబడి సాగే కచేరీలతో పేరు తెచ్చుకున్నారు.

జిమ్ గెయిన్స్ నిర్మించిన ఈ ఆల్బమ్‌లో ఆలిసన్ పదునైన గిటార్‌కు మెంఫిస్ హార్న్స్ బృందం ట్రంపెట్, శాక్సఫోన్‌లు తోడై బ్లూస్‌కు సోల్ సంగీతపు నిండుదనాన్నిచ్చాయి. తర్వాత ‘బ్లూ స్ట్రీక్’ (1995), ‘రెక్‌లెస్’ (1997) వచ్చాయి. కీర్తి శిఖరాన ఉండగానే 1997 ఆగస్టులో ఆలిసన్ క్యాన్సర్‌తో మరణించారు.