దౌహృదము

కొత్తపట్నమున నా తరగతి బాలు డొకడు దినమున కొక బలపము పోగొట్టుకొనుచుండెను. గద్దించి యడుగగా, "మా అమ్మ తినుచున్నదండీ" అని తల వంచుకొనెను. ఆమె గర్భిణి. తోడి యుపాధ్యాయులు నవ్విరి, నేనును నవ్వితిని. ఆ నవ్వు తగినది కాదని పిమ్మట పుస్తకములు తిరుగవేసినపుడు తెలిసినది.

నాలుగవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగుననియు, అందుచే తల్లి రెండు హృదయములు గలదియై దౌహృదిని యగుననియు సుశ్రుతసంహిత చెప్పుచున్నది. ఆమె కోరిక తీర్పనిచో బిడ్డ గూనియో, కుంటియో, మరుగుజ్జో యగునని భయపెట్టినది. యాజ్ఞవల్క్యస్మృతియు నిట్లే శాసించెను. చరకసంహిత మరింత వివేకము చూపినది: కోరిక మిక్కిలి తీవ్రమైనచో, అహితమైన దానినైనను హితవస్తువులతో కలిపి యీయవచ్చునన్నది.

స్త్రీ కోరికకు శాస్త్రము తలయొగ్గిన దిచ్చటనే. కాని యా గౌరవ మామెది కాదు, కడుపులోని బిడ్డది. రఘువంశమున గర్భిణియైన సీత గంగాతీరపు తపోవనములను చూడగోరెను. ఆ కోరిక తీర్చు నెపముననే రాముడు లక్ష్మణునిచే నామెను అడవికి పంపివేసెను. ఆ కావ్యముననే సుదక్షిణ మన్ను తినగా, పుట్టబోవువాడు భూమి నేలువాడు గావున తల్లి ముందుగా దాని రుచి చూచెనని కాళిదాసు చమత్కరించెను. మన యిండ్లలో చాటుగా మట్టిపెళ్ళయో, బలపమో, పచ్చిబియ్యమో తిను పిల్లకు లభించునది పరిహాసమే.

ఇట్టి కోరికతో రక్తహీనతయు, ఇనుపధాతు లోపమును తరచుగా కలిసియుండునని నేటి వైద్యు లెరుగుదురు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లు కూలి స్త్రీల గర్భకాల రక్తహీనతను పరిశోధించెను. వారేమి తినుచున్నారో విచారించెను. ఈస్టుసారముతో ఆ వ్యాధి కుదురునని 1931లో ప్రకటించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తేలినది. 1970లో మన ప్రభుత్వము ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలను గర్భిణులకిచ్చు పథకము నారంభించెను. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులుగా కనబడిరి.

కోరిక తీరకున్న బిడ్డ వికలాంగు డగునన్న భయమును విడుతము. అడుగు నలవాటును మాత్రము విడువరాదు. మామిడికాయ యడిగిన నిత్తము. బలపము తినుచున్నచో నవ్వక రక్తపరీక్షకు తోడ్కొనిపోవుదము. చలిమిడి పెట్టునాడే కాదు, పురుడు వెళ్ళిన పిమ్మటను "నీకేమి కావలెనమ్మా?" అని యడుగు ఇంటనే ఆ రెండవ హృదయమునకు, మొదటి హృదయమునకును సమానమైన గౌరవము కలదు.