పటాలముల బంతియాట

గండికోట శౌర్యగాథలు ముద్దనూరు, జమ్మలమడుగు ప్రాంతపు శ్రోతలకు క్రొత్తవి కావు. సైనికుల చరిత్ర కోటలలోనే గాక ఫుట్‌బాల్ మైదానములలోను కలదు. నేడు మేము దానినే ముచ్చటింపనెంచితిమి.

1888లో సర్ మార్టిమర్ డ్యూరాండ్ సిమ్లా కొండలలో నెలకొల్పిన పోటీ తొలుత పటాలములది. హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ, ఆ పిదప బ్లాక్ వాచ్, వరుసగా మూడేసి మారులు గెలిచి కప్పును సొంతము చేసికొన్నవి. పటాలముల పంతములు అట్టివి! 1914లో యుద్ధము రాగా పోటీ నిలిచిపోయెను; 1919 వరకు జరుగలేదు. ఆడవలసినవారు రణరంగమున ఉండిరి. ఏ స్మారకశిలకంటెను ఆ శూన్యమైదానమే వారికి తగిన నివాళియని మాకు తోచును.

1940లో ఢిల్లీలో మొహమ్మడన్ స్పోర్టింగ్ వారు రాయల్ వార్విక్‌షైర్ పటాలమును 2-1తో ఓడించిరి. ఈ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టు వారిదే. 1941 నుండి 1949 వరకు మరల ఆట లేదు. 1950లో పోటీ తిరిగి మొదలైనప్పుడు, మోహన్ బగాన్ వంటి జట్టును ఓడించి గెలిచినది మన హైదరాబాదు నగర పోలీసు జట్టు. యూనిఫారము మారినను క్రమశిక్షణ మారలేదు. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రము సైనికుడు కాడు, బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందిన భారత జట్టునకు శిక్షకుడును ఆయనయే.

2016లో ఆర్మీ గ్రీన్ జట్టు ఈ కప్పును మరల సైనికుల చేతికి తెచ్చినది.