మూలికలో క్యాన్సర్ మందు ఉందో లేదో ఎలా తేలుస్తారు?

కలోంజీలోని థైమోక్వినోన్, పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాల్ని చంపేస్తాయంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఆ ప్రభావం కనిపించిన మాట నిజమే. కానీ అక్కడినుంచి పేషెంట్ వేసుకునే మాత్ర దాకా దారి చాలా పొడుగు.

కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది సిగ్నళ్ల పని. కణం పైనున్న ప్రోటీన్‌కి కబురు అందుతుంది, అది లోపలివాటికి చేరవేస్తుంది. కొన్ని క్యాన్సర్లలో ఈ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. దాన్ని ఆపే పదార్థం కోసమే మూలికల్లో వెతుకుతారు.

ముందు మొక్కను ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్ లాంటి ద్రవంలో నానబెట్టి సారం తీస్తారు. సిగ్నల్ నడుస్తుంటే మిణుగురు పురుగులా వెలిగేట్టు మార్చిన కణాలపై ఆ సారం వేస్తారు. వెలుగు తగ్గితే సారాన్ని భాగాలుగా విడదీసి, పనిచేసే భాగాన్ని మళ్లీ విడదీస్తూ చివరికి ఒక్క పదార్థం దగ్గర ఆగుతారు.

చిక్కంతా ఇక్కడే. కణం చచ్చిపోయినా వెలుగు తగ్గుతుంది. ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అయితే సిగ్నల్‌తో పనిలేకుండా, వెలుగునిచ్చే ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. కర్క్యుమిన్ తానే మెరుస్తుంది, కనిపించిన ప్రోటీన్‌కల్లా తగులుకుంటుంది, పైగా రక్తంలోకి సరిగా చేరదు. అందుకే పరీక్షల్లో దానికి పాస్ మార్కులు తేలిగ్గా పడతాయి. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా దాని నుంచి మందు రాలేదని 2017లో రసాయన శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది.

నిజంగా ఫలించిన వెతుకులాట మొదలైంది గొర్రెల మందలో. 1950లలో అమెరికాలోని ఐడహోలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టేవి. తల్లి గొర్రెలు గర్భం తొలి రోజుల్లో, 14వ రోజు ప్రాంతంలో, కార్న్ లిల్లీ అనే కొండ మొక్కను మేయడమే కారణమని తేలింది. అందులోని విషానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్‌ను ఆపుతుందని 1998లో బయటపడింది. పిండంలో ముఖం రెండు వైపులుగా ఏర్పడటానికి ఆ సిగ్నలే కావాలి. బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్‌లో అదే సిగ్నల్ అదుపు తప్పుతుంది.

ఆ మొక్కనే పేషెంట్లకి ఇవ్వలేదు సరే, సైక్లోపమైన్ కూడా మందు కాలేకపోయింది: నీళ్లలో కరగదు, కడుపులోని ఆమ్లానికి నిలవదు. అది పట్టుకునే స్మూతెన్డ్ అనే ప్రోటీన్‌నే గురిపెట్టి, ల్యాబ్‌లో తయారైన వేరే అణువు విస్మోడెగిబ్. 2012 జనవరిలో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. గర్భిణులు వాడకూడదన్న గట్టి హెచ్చరిక దాని మీద ఉంటుంది. గొర్రెపిల్లలకి జరిగింది తెలిసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు.

ఇంట్లో కీమో నడుస్తుంటే కూరలో పసుపు, రొట్టె మీద కలోంజీ వేరే లెక్క. క్యాప్సూల్, నూనె, కషాయం రూపంలో ఏది తీసుకున్నా డాక్టర్‌కి చెప్పాలి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక రక్తంలో ఇమాటినిబ్ మోతాదును పడగొడుతుంది. బ్లడ్ క్యాన్సర్ పేషెంట్‌కి రోజూ మాత్ర వేసుకుంటున్నా సరిపడా అందదన్న మాట.